బాపు దమ్ముకు సరిపడా ఎండ

మా బాపు బొగ్గు బాయిలో పనిచేశాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు. భూపాలపల్లిలో మొదటి షిఫ్టుకు పొద్దు పొడవకముందే పోయి, ఒళ్లంతా నల్లగా తిరిగొచ్చేవాడు. "బాయిల దిగినోనికి పొద్దుతోని ఏం పని?" అని నవ్వేవాడు. ఆ నవ్వు మధ్యలో దగ్గు వచ్చేది. రిటైరయ్యేనాటికి దగ్గు మిగిలింది, నవ్వు తగ్గింది. రొమ్ములో దుమ్ము పేరుకుని దమ్ము, అంటే ఆయాసం, పట్టుకుందని డాక్టర్ చెప్పాడు. క్వార్టర్ ఖాళీ చేశాక బాపును, అవ్వను చిట్యాల దగ్గరున్న మా ఇంటికి తెచ్చుకున్నాం. మేం నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం.

దమ్ము లేచినప్పుడు మందును ఆవిరిలా చేసి పీల్పించే చిన్న మిషన్ ఒకటి హన్మకొండలో కొన్నాం. దాని పేరు నెబులైజర్. మా ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా తిరగలేదు. అందరం దమ్ము మిషన్ అన్నాం. ప్లగ్గు పెడితే గుర్రుమని మోగేది, మూతికి పెట్టుకున్న తొడుగులోంచి తెల్లటి ఆవిరి వచ్చేది. కాసేపటికి బాపు భుజాలు కిందికి దిగేవి. భుజాలు దిగాయంటే గండం గడిచినట్టే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది ఆ రోజుల్లోనే. బడులు మూతపడ్డాయి. నేను పాఠాలు చెప్పే చిన్న ప్రైవేటు బడికీ తాళం పడింది. బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు బాయిల్లో పని ఆగింది. మా ఆయనకు మైకు సెట్ల దుకాణం ఉంది. పెళ్లిళ్ల మైకులన్నీ దీక్షా శిబిరాలకు పోయాయి. చెల్పూర్ కరెంటు కేంద్రం చిమ్నీని మేడ మీదికెక్కి చూసి, "పొగ పల్చగైంది సూడు. మా బాయి బందైతనే ఢిల్లీకి ఇనవడ్తది" అనేవాడు బాపు. జిల్లాలకు జిల్లాలే చేతులు కట్టుకుని నిలబడడం నేను ఎన్నడూ చూడలేదు.

కానీ బొగ్గు ఆగితే కరెంటూ ఆగుతుంది. గంటల తరబడి పోయేది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగానే బాపుకు దమ్ము లేచింది. కరెంటు లేదు. చెయ్యి నేలకు ఆనించి, మెడ నరాలు తేలి, గాలి కోసం నోరు తెరిచాడు. మా ఆయన పరుగెత్తి మైకు సెట్టు బ్యాటరీని, దాంతో ట్యూబులైటు వెలిగించే చిన్న ఇన్వర్టర్‌ను తెచ్చాడు. మిషన్ ప్లగ్గు పెట్టాం. గుర్రుమంది. ఆవిరి వచ్చీ రాకముందే ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ ఆగింది. బ్యాటరీ నిండా ఉంది, మిషన్ బాగుంది, ఎందుకు ఆడదో మాకు అర్థం కాలేదు.

బాపును మైకులు మోసే ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి చిట్యాల దవాఖానకు పోయాం. అక్కడ జనరేటర్ ఉంది. తొడుగు మూతికి పెట్టిన తర్వాత ఎంతకీ భుజాలు దిగలేదు. అవ్వ ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది. చివరికి దిగాయి.

తిరిగొచ్చేటప్పుడు నేను ఏడుస్తూ అన్నాను, "గీ సమ్మె ఇంకెన్ని దినాలు బాపూ? నీ పానం మీదికొచ్చె."

బాపు మాట కూడగట్టుకున్నాడు. "సమ్మెను ఏమనకు బిడ్డా. వాళ్లు నా తోటోళ్లు. కరెంటు వేరే కాడికెల్లి తెచ్చుకునే తొవ్వ సూడు."

వేరే చోటు ఏదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

తెలిసిన మనిషి శిబిరంలోనే కూర్చుని ఉన్నాడు. ఐటీఐలో కరెంటు పని నేర్పే సారు, మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో పుట్టినవాడు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ మాట. మాతో మా మాటే మాట్లాడేవాడు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి రోజూ చిట్యాల శిబిరంలో బాపు పక్కనే కూర్చునేవాడు. దవాఖాన సంగతి విని మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. మిషన్ తిరగేసి కింద అతికించిన కాగితం చదివాడు. చిన్న ఇన్వర్టర్‌ను చూశాడు.

"బ్యాటరీ అంటే నీళ్ల గోలెం అనుకో అక్కా. ఇన్వర్టర్ ఆ గోలానికి పెట్టిన పైపు. మీ గోలెం నిండ నీళ్లున్నయి. పైపు మాత్రం సన్నగున్నది. గీ మిషన్ మొదలైతప్పుడు ఒక్క గుక్కల మస్తు లాగుతది. పైపు తట్టుకోలే."

"మరి పెద్ద ఇన్వర్టర్ తెస్తే సాలా?" మా ఆయన అడిగాడు.

"ఆడుతది. కని కరెంటే రాకుంటే గోలెం నింపేదెవరు?" అని సారు వాకిట్లోకి చూశాడు. వాకిలంతా ఎండ. మిరపకాయలు ఎండుతున్నాయి. "గదిగో, ఉత్తగనే పోతున్నది."

సోలార్ అనే మాట మేం వినకపోలేదు. తండాల్లో ఒకటో రెండో లాంతర్లు చూశాం. అది ఇల్లు నడుపుతుందని, ఒక మనిషి ఊపిరి నడుపుతుందని మాత్రం అనుకోలేదు. ఎంతది కావాలని అడిగితే సారు నవ్వాడు.

"ఎంతదని నన్నడుగుతే ఎట్ల? మీ ఇల్లు చెప్పాలె. ఏం నడవాలె, ఎంతసేపు నడవాలె, అందరు కూసోని చెప్పుండ్రి."

అందరం కూర్చున్నాం. ఇంట్లో ఏది ముఖ్యమో ఒకరికొకరం చెప్పుకోవడం మా బతుకులో అదే మొదటిసారి. మొదట దమ్ము మిషన్. అందులో వాదన లేదు. నేను రెండు లైట్లు అడిగాను. మా ఆయన పైకప్పు ఫ్యాను అన్నాడు. బాపు అన్నిటికంటే ముందు టీవీ అన్నాడు.

"టీవీ ఎందుకు బాపూ?"

"తెలంగాణ వచ్చిందో లేదో ఎట్ల తెలుస్తది? ఫ్యాను లేకున్న సరే."

సారు మనసులో లెక్క వేసుకుని చెప్పిన మాటకు మేం తెల్లబోయాం. మేం భయపడింది మిషన్‌కు. అంత గుర్రుమంటుంది కదా, అదే అంతా తినేస్తుందని అనుకున్నాం. అది ఒక్కసారిగా లాగుతుందే గానీ నడిచేది కాసేపే కాబట్టి రోజు మొత్తంలో తినేది కొంచెమేనట. నెత్తిమీద చప్పుడు లేకుండా రాత్రంతా తిరిగే ఫ్యాను దానికి ఎన్నో రెట్లు తింటుందట. "ఒక్కపాలి ఎంత లాగుతది అన్నది వేరు, దినమంత ఎంత తింటది అన్నది వేరు. మొదటిది సూసి ఇన్వర్టర్ కొనాలె. రెండోది సూసి ప్యానెలు, బ్యాటరీ కొనాలె" అన్నాడు. పైకప్పు ఫ్యానుకు బదులు బ్యాటరీతో నేరుగా నడిచే చిన్న బల్ల ఫ్యాను చాలన్నాడు. ఇన్నేళ్లు మా కప్పు కింద ఏది ఎంత తింటుందో తెలియకుండానే బతికామని అప్పుడు తెలిసింది.

"గట్లయితే ఒక్క ప్యానెలుతోని ఎల్లిపోతది" అని సారు లేవబోయాడు.

అప్పటిదాకా అవ్వ మాట్లాడలేదు. తొడిమలు తీస్తున్న మిరపకాయలు పక్కన పెట్టింది. "గది మన ఇంటికే కదా సారూ?"

"అవునవ్వా."

"వాడకట్టంత సీకటుండి మన ఇంట్ల దీపముంటే, వాళ్లు రాకుంటరా? వస్తే పొమ్మంటమా? ఎనక ఇంటాయన గూడ బాయిల చేసినోడే, ఆయనకు గూడ దమ్మున్నది. వాళ్లను గూడ కలిపి చెప్పు."

సారు మళ్లీ కూర్చున్నాడు. "మా తండల మా మేనత్తకు ఒకపాలి సోలార్ లైటు ఇచ్చిండ్రు. ఆమె ఒక్కదానికే లెక్క. తండంత ఫోన్లు ఆమె కాడనే పెట్టెటోళ్లు. లైటు రోజు నడుమల్నే ఆరిపోయేది. మేం అది కరాబైందనుకున్నం. కరాబ్ కాలే. మనుషులను లెక్కల పట్టలేదు, గంతే." తర్వాత అన్నాడు, "రెండు ప్యానెల్లు పెట్టుకోండ్రి. ముసురు పట్టి రెండు దినాలు పొద్దు రాకున్న నడిచేటట్టు బ్యాటరీ జర పెద్దది తీసుకోండ్రి."

మా ఇంటి కొలత ఆ పొద్దున అలా తేలింది.

వెళ్లేముందు సారు చుట్టూ తిరిగి ప్యానెళ్లకు చోటు చూశాడు. మేడ మీద వేప చెట్టు నీడ మధ్యాహ్నం తర్వాత పడుతుంది. ఒక మూల నీడ పడినా ప్యానెల్ మొత్తం నీరసపడుతుందన్నాడు. చెట్టు కొట్టేద్దామా అని మా ఆయన అడిగితే బాపు ఒప్పుకోలేదు. ఎడ్ల కొట్టం రేకుల మీద పొద్దంతా ఎండ ఉంటుంది. అక్కడే పెట్టాలని ఖాయం చేశాం.

బాపుకు ఒక సందేహం మిగిలింది. "సారూ, బొగ్గు కాలుస్తే కరెంటు వస్తది, గది నాకెరుక. ఎండల ఏం కాలుతదని వస్తది?"

సారు ఓపికగా చెప్పాడు. ఎండ పడగానే ఆ పలకలో కరెంటు పుడుతుందని, అందులో ఏదీ కాలదని చెప్పాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "కాకా, నువ్వు తవ్విన బొగ్గు గూడ ఎండనే. ఎప్పటియో అడవులు. ఎండ తాగి పెరిగిన చెట్లు భూమిల కూరుకపోయి బొగ్గైనయి."

బాపు తన అరచేతులు చూసుకున్నాడు. గోళ్ల మూలల్లో నలుపు ఇంకా పోలేదు. "అంటే గిన్నేండ్లు నేను సీకట్ల ఎండనే తవ్విన్నా?" అన్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. పెద్ద గుడికి మొదటిసారి పోయిన పిల్లవాడి ముఖం అది. "ఓయే, ఇన్నవా? బొగ్గంటె ఎండనట" అని అవ్వకు రెండుసార్లు చెప్పాడు. ఆ వారమంతా వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

వరంగల్‌లో ప్యానెళ్లు దొరకలేదు. కరెంటు కోతలకు అందరూ ఎగబడి కొన్నారు. జనగామలో సారుకు తెలిసిన దుకాణంలో ఉన్నాయని కబురొచ్చింది. బస్సులు లేవు కాబట్టి మా ట్రాలీ ఆటోలోనే మా ఆయన, నేను పోయాం. దుకాణాయన ఎన్ని గదుల ఇల్లని అడిగాడు. గదుల సంగతి కాదు, మనుషుల సంగతి అని నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కుర్చీ లాక్కుని వింటూ కూర్చున్నాడు. మేం అడిగిన కొలతకే ప్యానెళ్లు, బ్యాటరీ, పెద్ద ఇన్వర్టర్ కట్టించాడు. నీలంగా మెరిసే ఆ పలకలను ట్రాలీలో పాత దుప్పట్ల మధ్య నిలబెట్టాం.

జనగామ దాటి కొంతదూరం వచ్చామో లేదో, రోడ్డు కనబడలేదు. రోడ్డంతా పొయ్యిలే. వంటావార్పు నడుస్తోంది. ఊళ్లకు ఊళ్లు తారు రోడ్డు మీదికి వచ్చి మూడేసి రాళ్లు పెట్టి వండుకుంటున్నాయి. పొయ్యి పొయ్యికీ ఒక ఇల్లు. పప్పు ఉడుకుతున్న వాసన, పొగ, డప్పులు, పిల్లలు, ముసలివాళ్లు. కంటికి ఆనినంత దూరం రోడ్డు ఒక వంటిల్లయిపోయింది. అంతమంది ఒకచోట అన్నం వండడం చూస్తూ ఆటో ఆపేశాం. ఆ పూట ఇక ఇల్లు చేరలేమని అర్థమైంది.

కండువా నడుముకు చుట్టుకున్న ఒక పెద్దమ్మ గంటె పట్టుకుని ఆటోకు అడ్డం వచ్చింది. "ఏడికి పోతున్నరు? ఇయ్యాల బండ్లు నడవయి. గా అద్దాలేంది?"

"అద్దాలు కాదు పెద్దమ్మా, సోలార్. మా బాపు బొగ్గు బాయిల చేసిండు, దమ్మున్నది. కరెంటు లేక మిషన్ ఆడ్తలేదు" అని నేను దిగి చెప్పాను.

ఆమె పలకలోకి తొంగి చూసింది. "బాయి కార్మికుని ఇల్లా?" అని అడిగి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. "ఓ పిల్లగాండ్లూ, ఇటు రాండ్రి! సమ్మెల ఉన్నోళ్ల ఇంటికి పోయే సామానిది!"

పొయ్యిలు జరపడం సాధ్యం కాదు. ఉడుకుతున్న అన్నం ఎవరు దించుతారు? పదిమంది వచ్చి ప్యానెళ్లను ట్రాలీలోంచి తీసి తలల మీదికి ఎత్తారు. ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి అవి మనుషుల మీదుగా సాగిపోయాయి. "పైలం, పైలం" అని ముందు నుంచి వెనక దాకా ఒకటే హెచ్చరిక. ఆ అద్దాల్లో ఆకాశం, మబ్బులు, పొగ కదిలిపోతుంటే, నేను వెంట నడుస్తూ నోరు తెరుచుకుని చూశాను. బ్యాటరీని ఇద్దరు బలమైన ఆడవాళ్లు మోకు కట్టి మోశారు. మా ఆయన ఖాళీ ఆటోను పక్క చెలకల్లోంచి తిప్పి తెచ్చాడు. అవతలి అంచున సామాను ఎక్కించాక కూడా వదల్లేదు. అన్నం పెట్టారు. మోదుగాకు విస్తరిలో పప్పన్నం, పచ్చిపులుసు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ బాపును తెలంగాణ వచ్చేదాంక పైలంగ ఉండమను" అంది. ఆమెను మళ్లీ చూడలేదు. పేరు అడగాలని కూడా తోచలేదు.

మర్నాడు సారు, మా ఆయన కలిసి కొట్టం రేకుల మీద ఇనుప చట్రం బిగించి దక్షిణం వైపుకు కొంచెం వాలుగా ప్యానెళ్లు పెట్టారు. వైర్లు ఇంట్లోకి తెచ్చి బ్యాటరీకి, కొత్త ఇన్వర్టర్‌కు కలిపారు. కరెంటు పొద్దుటి నుంచీ లేదు. సారు మీటరు పట్టుకున్నాడు, ముల్లు లేచింది. ఇన్వర్టర్ మీద పచ్చ లైటు వెలిగింది. నేను మిషన్ ప్లగ్గు పెట్టి, భయంభయంగా స్విచ్ వేశాను.

గుర్రుమంది. ఆగలేదు. ఆవిరి వచ్చింది.

అవ్వ మిషన్‌కు దండం పెట్టి, బయటికి పోయి కొట్టం వైపు తిరిగి ఇంకోసారి పెట్టింది. బాపు తొడుగు తీసి పక్కన పెట్టి, పట్టుబట్టి నిచ్చెన సగం దాకా ఎక్కాడు. పలక మీద చెయ్యి వేశాడు. "ఎచ్చగున్నది. సప్పుడు లేదు, పొగ లేదు, దుమ్ము లేదు" అన్నాడు. బొగ్గు కోసం భూమి లోపల ఎన్ని చప్పుళ్లో, ఎంత దుమ్మో, ఎందరి కాళ్లూ చేతులూ పోయాయో తెలిసిన మనిషి అన్న మాట అది.

వారం తిరగకముందే ముసురు పట్టింది. పొద్దు ఎక్కడుందో తెలియని వాన. కరెంటు తీగలు ఎక్కడో తెగి అదీ లేదు. మొదటి రోజు గడిచింది. రెండో సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వెనకింటి అక్క తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. ఆమె మామకు దమ్ము లేచింది. ఇద్దరు మోసుకొచ్చి ఆయనను మా మంచం మీద కూర్చోబెట్టారు. అప్పుడే బాపు మిషన్ పెట్టుకుని ఉన్నాడు. తొడుగు తీసి కడగమని నాకిచ్చి, "ముందుగాల ఆయనకు పెట్టు" అన్నాడు. టీవీ బంద్ చేశాం, ఫ్యాను బంద్ చేశాం. ఒక్క లైటు ఉంచాం. వాడకట్టు సగం మా వసారాలో నిలబడి ఆవిరి వైపే చూస్తోంది. బ్యాటరీ చివరిదాకా నిలుస్తుందా అని మా ఆయన పచ్చ లైటు ముందు నుంచి కదల్లేదు.

వెనకింటాయన భుజాలు దిగాయి. తర్వాత బాపు పీల్చాడు. ఆయన భుజాలూ దిగాయి. ఇద్దరు పాత కార్మికులు ఒకే మంచం మీద ఆనుకుని కూర్చుని, ఏ బాయిలో ఎవరు ఏ షిఫ్టు చేశారో మెల్లగా మాట్లాడుకున్నారు. మూడో రోజు కూడా మబ్బు విడవలేదు. మధ్యాహ్నం సారు వచ్చి మీటరు పెడితే ముల్లు కొంచెం లేచి నిలబడింది. మబ్బు వెనక నుంచి కూడా ఎంతో కొంత ఇస్తూనే ఉంది. "కానరాకున్న ఇస్తున్నదా!" అని బాపు ఆ ముల్లు వైపే చూస్తూ ఉండిపోయాడు.

సమ్మె ముగిసింది. తెలంగాణ వెంటనే రాలేదు. ఇంకా రెండేళ్ల పైన పట్టింది. బాపు దమ్ముతో, మందులతో, టీవీతో ఆ ఏళ్లను లాక్కొచ్చాడు.

ఢిల్లీలో తెలంగాణ బిల్లును ఓటుకు పెట్టిన మధ్యాహ్నం వాడకట్టంతా మా ఇంట్లోనే ఉంది. అందరూ ఊపిరి బిగపట్టి చూస్తుండగా టీవీలో సభ బొమ్మ ఆగిపోయింది. "ఏందిరా, బ్యాటరీ దిగిందా?" అని బాపు గాబరా పడ్డాడు. మా ఆయన పరుగున పోయి చూసి, "దిగలే మామా, నిండుగున్నది. ఢిల్లీలనే బంద్ చేసిండ్రు" అన్నాడు. ఏమవుతుందో తెలియక అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎంతసేపటికో చౌరస్తా వైపు నుంచి డప్పులు మొదలయ్యాయి, ఆ వెంటనే కేకలు.

"వచ్చింది!" అని ఎవరో అరుస్తూ వాడలోకి వచ్చారు.

బాపు లేచి నిలబడ్డాడు. చౌరస్తాకు తీసుకుపొమ్మన్నాడు. గులాల్ దుమ్ముకు దమ్ము లేస్తుందని అవ్వ వద్దంది. ఆయన వినలేదు. అవ్వ తడి తువాలు ఆయన ముక్కుకు కట్టింది. ట్రాలీలో పోయాం. వెనకింటాయన కూడా ఎక్కాడు. చౌరస్తాలో జనం మనుషుల్లా లేరు, ఏరులా ఉన్నారు. బాపు కాసేపు ఓర్చుకుని తువాలు కిందికి లాగేశాడు. ఎవరో ఆయన ముఖం నిండా గులాల్ పూశారు. ఐటీఐ సారు ఎక్కడి నుంచో వచ్చి ఆయనను కావలించుకున్నాడు. బాపు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

అనుకున్నట్టే ఇంటికి వచ్చేసరికి దమ్ము లేచింది. మిషన్ పెట్టాను. ఆవిరి పీలుస్తూ, మధ్య మధ్య నాకేసి చూసి కళ్లతో నవ్వుతూ, భుజాలు దిగాక కూర్చున్నచోటే నిద్రపోయాడు. గులాల్ తుడుద్దామని తడిగుడ్డ తెస్తే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ బిడ్డా" అంది. "పొద్దుగాల ఆయనే కడుక్కుంటడు."